ఒక మెట్టు తక్కువ

పదిమందిలో మొగుడి తప్పు బయటపెట్టిన ఆడదాన్ని క్షమించకూడదు. పూలమ్మ ఆ పని చేసింది. సారయ్య ఆమెను క్షమించలేదు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

ఆ పొద్దున సారయ్య గడప దగ్గర కూర్చుని టేప్ రికార్డర్ మీట నొక్కుతున్నాడు, ఆపుతున్నాడు, వెనక్కి తిప్పుతున్నాడు. పాటలో గిటారు వచ్చే చోటును ముక్క ముక్కగా విని, తీగల మీద వెతికి, దొరికిన స్వరాన్ని సుద్దముక్కతో వంటింటి గోడ మీద రాస్తున్నాడు. వరంగల్ పత్తి మార్కెట్లో బస్తాలు కుట్టడం అతని పని. దబ్బనం పట్టి పట్టి వేళ్లు కాయలు కాశాయి కాబట్టి ఇనుప తీగలు అతన్నేమీ చేయలేవు. ఊరి బడిలో అబ్బినవి అక్షరాలు; సరిగమలు హార్మోనియం వీరభద్రం దగ్గర పట్టుకున్నవి. పెళ్లిళ్ల కాలంలో వెంకట్రాజం ఆర్కెస్ట్రాలో గిటారు అతనిదే. ఆ సాయంత్రం హన్మకొండలో పెళ్లి. కొత్త పాట రాకపోతే తన చోటు కాజీపేట గిటారు మనిషికి పోతుందని వెంకట్రాజం మొహం మీదే చెప్పాడు.

పూలమ్మ గోడ మీది రాతలు చెరగకుండా దూరంగా కూర్చుని మిరపకాయలు దంచుతోంది.

"ఏందయ్యా, గా పాడే ఆమెకు సర్ది చేసిందా? మొగోని లెక్క పాడుతాంది."

"నీకేం ఎరుక? జర నోర్మూస్కో."

ఆమె మూసుకోలేదు. అదే పాటను కూనిరాగం తీస్తూ దంచింది. గోడ నిండాక అతను మొత్తం వాయించి వినిపిస్తే, రోకలి భుజాన వేసుకుని పెళ్లికూతురిలా తల వంచుకుని గదంతా నడిచింది. సారయ్యకు నవ్వొచ్చింది. కనపడనివ్వలేదు.

మధ్యాహ్నం చౌరస్తా వెనక గదిలో ప్రాక్టీసు. పూలమ్మ అన్నం గిన్నె తెచ్చి గుమ్మంలో కూర్చుంది. వీరభద్రం హార్మోనియం అందుకున్నాడు, ఆర్కెస్ట్రా గాయని అరుణ పాడింది. సారయ్య గిటారు కలవలేదు. మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ కలవలేదు. తీగలు చూసుకున్నాడు. శ్రుతి సరిగ్గానే ఉంది. వెంకట్రాజం కాజీపేటకు మనిషిని పంపమన్నాడు.

అప్పుడు పూలమ్మ అందరూ వినేలా చెప్పింది. "సెల్లులు అయిపోయినయ్ అన్నా. మా టేపు కాళ్లీడ్సుకుంట నడుస్తాంది. పాట కిందికి దిగింది. ఈయన దిగిన పాటనే పట్టిండు. పట్టుడైతే మంచిగనే పట్టిండు."

గదంతా నవ్వింది. సారయ్య చెవులు ఎర్రబడ్డాయి. వీరభద్రం హార్మోనియం మీటలు నొక్కి చూసి, సరిగ్గా ఒక మెట్టు తక్కువన్నాడు. అంతా మార్చి నేర్చుకునే వ్యవధి లేదు. సారయ్య గిటారు మెడ వైపు కాసేపు చూశాడు. మొదటి మెట్టు మీద తీగలన్నిటినీ నొక్కిపట్టే వేలు ఇంకొకటి ఉంటే చాలు, వాయించేదంతా ఒక మెట్టు పైకి లేస్తుంది. వెంకట్రాజం జేబులో ఉన్న పెన్సిలు తనే లాక్కుని అక్కడ అడ్డంగా పెట్టాడు. కట్టడానికి ఏమీ దొరకలేదు. పూలమ్మ జడ విప్పి ఎర్ర రిబ్బనుతో తానే చుట్టింది, బస్తా మూతి బిగించినట్టు బిగించింది.

"ఇగ కొట్టు," అంది.

పెళ్లిలో ఆ పాటను మళ్లీ మళ్లీ అడిగారు. మర్నాడు రిక్షాలో ఇంటికొస్తూ పూలమ్మ దారంతా మగగొంతుతో ఆ పాట పాడింది. రిక్షావాడు తొక్కడం ఆపి మరీ నవ్వాడు. సారయ్య మొహం పక్కకు తిప్పుకుని కూర్చున్నాడు.

తర్వాత రెండు ఎండాకాలాలు బాగానే గడిచాయి. మూడోదాంట్లో ఆమెకు జ్వరం వచ్చింది. దవాఖాన నుంచి సారయ్య ఒక్కడే తిరిగొచ్చాడు.

ఇప్పటికీ పాటలు వింటాడు, గోడ మీద రాస్తాడు. ప్రతి పాటనూ ఆ పెన్సిలు కట్టిన మెట్టు నుంచే పట్టుకుంటాడు. ఆ పనికి ఇనుప బిగింపు హైదరాబాదులో దొరుకుతుందని వీరభద్రం చెప్పాడు. సారయ్య కొననేలేదు. రిబ్బను వెలిసి గులాబీ రంగుకొచ్చింది. ముడి మాత్రం ఆమె వేసిందే. దాన్ని విప్పే ఊసు ఎత్తినవాళ్లతో అతను మాట్లాడలేదు, ఇక మాట్లాడడు.