హిందూపురం దాకా వినబడిన కేక

హేమావతి, ఆమె భర్త శ్రీనివాసులు ధర్మవరం నుంచి వచ్చి పెనుకొండలో బస్సు దిగి ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఆ ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు బయలుదేరి హేమావతి చెల్లెలు పద్మ సీమంతానికి వెళ్లి వస్తున్నారు. ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఇంటర్ మొదటి సంవత్సరం చదివే కొడుకు సాయిప్రసాద్, మోకాళ్ల నొప్పులతో గోడ పట్టుకుని నడిచే అత్త కుళ్ళాయమ్మ. వెళ్లేముందు హేమావతి కొడుక్కి రెండే రెండు మాటలు చెప్పింది. పదకొండింటికి అవ్వకు సంగటి పెట్టాలి, స్నానానికో దొడ్డికో బచ్చలింటికి పోయేటప్పుడు చెయ్యి పట్టుకోవాలి. వాడు సరేనన్నాడు.

తలుపు దగ్గరికి వేసి ఉంది. ముందు గదిలో సాయి గోడకు వీపు ఆనించి, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఫోను మీదికి వంగి కూర్చున్నాడు. పొద్దున ఎక్కడ కూర్చున్నాడో అక్కడే, అదే బనీనుతో. అవ్వ తిన్నదా అని హేమావతి అడిగితే తల ఊపాడు. అవునన్నాడో, అసలు వినలేదో తెలియలేదు.

వంటింట్లోకి వెళ్లి చూస్తే సంగటి గిన్నె మీద మూత తీసిన జాడ లేదు. అత్త పడుకునే మంచం ఖాళీగా ఉంది. బచ్చలింటి తలుపు ఓరగా ఉంది. తోసింది. సగం తెరుచుకుని దేనికో తగిలి ఆగిపోయింది.

కుళ్ళాయమ్మ నేల మీద పక్కకు ఒరిగి పడి ఉంది. ఒక కాలు ఉండకూడని వైపు తిరిగి ఉంది. చీర పూర్తిగా తడిసిపోయింది. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. కోడలిని చూసి, పెదాలు మాత్రమే కదిలేంత మెల్లగా, "వచ్చినారా" అంది.

హేమావతి చేసిన మొదటి పని కారుతున్న కొళాయి కట్టేయడం. ఆ క్షణంలో అది ఎందుకు చేసిందో తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా ఆమెకు తెలియలేదు. అరవాలని కూడా తోచలేదు. కొళాయి గట్టిగా బిగించి, ఆ తర్వాతే మోకాళ్ల మీద కూర్చుని అత్త చేతులు పట్టుకుంది. అవి చల్లగా, నీళ్లలో నానినట్టు ముడతలు పడి ఉన్నాయి. వెనక శ్రీనివాసులు వచ్చి "అమ్మా" అన్నాడు. 

అప్పుడు వచ్చాడు సాయి. హెడ్‌ఫోన్ మెడలో వేలాడుతోంది. గుమ్మంలో నిలబడి అవ్వను, అమ్మను, మళ్లీ అవ్వను చూశాడు. వాడి ముఖంలో రంగు దిగిపోవడం హేమావతి కళ్లారా చూసింది. లోపలికీ రాలేదు, వెనక్కీ పోలేదు.

అంబులెన్సులో హిందూపురం తీసుకుపోయారు. ఆసుపత్రిలో ఎక్స్‌రే ఫోటో తీసి, తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ చేయాలన్నారు. ఎప్పుడు పడిందని డాక్టరమ్మ అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కుళ్ళాయమ్మే చెప్పింది, వీళ్లు ఊరికి పోయిన గంటకేనని. డాక్టరమ్మ గోడ గడియారం వైపు చూసి, లెక్క వేసుకుని, ఇంట్లో ఎవరూ లేరా అంది. శ్రీనివాసులు వెనక నిలబడిన కొడుకు వైపు తిరిగాడు.

వరండాలోకి రాగానే శ్రీనివాసులు కొడుకు మీదికి చెయ్యెత్తాడు. ఆయన సోమవారం నుంచి శనివారం దాకా ధర్మవరంలో పట్టు చీరలు నేస్తాడు. వారానికి ఒక రోజు ఇంట్లో ఉండే మనిషి. కొడుకును పల్లెత్తు మాట అనడం ఎవరూ ఎరగరు. ఎత్తిన చెయ్యి దిగకముందే లోపల స్ట్రెచర్ మీది నుంచి కుళ్ళాయమ్మ గొంతు వినిపించింది.

"వాన్నేమీ అనద్దు. నేను పిలవనే ల్యా. పడినప్పుడు నోరు రాలేదు నాకు."

శ్రీనివాసులు చెయ్యి దించాడు. సాయి తల వంచుకున్నాడు. వినపడలేదు నాయనా అన్నాడు. చెవులకు ఆ హెడ్‌ఫోన్ ఉన్నింది కదా అన్నాడు.

ఆ మాట హేమావతికి గుచ్చుకుంది. ఆ హెడ్‌ఫోన్ కొనిచ్చింది తనే. ఏడాది కిందట సాయి ఫోనులో తుపాకుల ఆట మొదలుపెట్టినప్పుడు ఇంట్లో రోజూ గొడవే. ఫోనులోంచి కాల్పుల మోత, అరుపులు. అత్త తల నొప్పి అనేది. హేమావతి ఇంట్లోనే కూర్చుని చీర కొంగులకు కుచ్చులు కట్టేది. ఆ మోతకు ముడులు తప్పేవి. ఫోను దాచి చూసింది. వాడు రెండు రోజులు అన్నం మానేశాడు. తిట్టి చూసింది, బతిమాలి చూసింది, ఒకసారి ఏడ్చింది కూడా. చివరికి హిందూపురం వచ్చినప్పుడు వాడే ఎంచుకున్న హెడ్‌ఫోన్ కొనిచ్చింది. ఆ రోజు నుంచి ఇల్లు నిమ్మళించింది. వాడు గంటలు గంటలు ఆడుతూనే ఉన్నాడు. కానీ చప్పుడు లేదు కాబట్టి ఆమె మరిచిపోవడం నేర్చుకుంది. పిల్లవాడు ఇంటిపట్టునే ఉన్నాడు, చెడ్డ స్నేహాలు లేవు అని పక్కింటి వాళ్లతో చెప్పుకుంది కూడా.

ఆసుపత్రిలో మొదటి రెండు రోజులు ఆమె ఆ తప్పునే మోసింది. వినపడని పిల్లవాడిని ఏమనాలి? వినపడకుండా చేసింది తను కదా.

ఆపరేషన్ అయిన మరునాడు, పదకొండు గంటలప్పుడు, పదిహేడేళ్ల అమ్మాయి ఒకతె వార్డు బయట నిలబడి లోపలికి తొంగి చూస్తూ కనబడింది. కాలేజీ బ్యాగు భుజానికి ఉంది. చేతిలో సపోటాల సంచి ఉంది. ఎవరు కావాలని హేమావతి అడిగితే, సాయి వాళ్ల అవ్వ ఈడేనా అంది. పేరు చందన అనీ, ఇల్లు హిందూపురంలోనే అనీ, సాయితో ఆడే నలుగురిలో తనూ ఒకతెననీ చెప్పింది. ఆదివారం నుంచి సాయి ఆటలోకి రాలేదట. ఎన్నిసార్లు మెసేజి పెట్టినా, అవ్వ ఆసుపత్రిలో ఉంది అని మాత్రం నిన్న ఒక్క ముక్క పెట్టాడట.

హేమావతికి వింతగా తోచింది. ఆ ఆట ఆడే మనుషులు కూడా ఆటలో బొమ్మల్లాంటివాళ్లే అనుకుంది ఇన్నాళ్లూ. ఒక ఇల్లూ, తల్లీ, కాలేజీ ఉన్న అమ్మాయి సంచి పట్టుకుని ఎదురుగా నిలబడుతుందని అనుకోలేదు. బెంచీ మీద కూర్చోబెట్టింది. ఆ సమయానికి సాయి మందులు తేవడానికి కిందికి వెళ్లాడు.

చందన సంచి ఒళ్లో పెట్టుకుని, అవ్వకు ఎట్లా ఉంది అని అడిగింది. బాగుందని చెప్పింది హేమావతి. ఆ అమ్మాయి ఊపిరి వదిలి, మామూలుగా మాట్లాడినట్టే అంది:

"ఆ పొద్దు అవ్వ పిలిచింది మాకందరికీ ఇనపడింది ఆంటీ. నాకు భయమేసింది."

హేమావతికి ముందు అర్థం కాలేదు. ఎక్కడ వినపడింది అని అడిగింది.

"సాయి హెడ్‌ఫోన్ మైకులో. ఆడేటప్పుడు ఒకరి మాటలు ఒకరికి ఇనపడతాయి. వాడికి మా మాటలు ఇనపడతాండాయి గదా, అందుకని వాడికి బయట చప్పుడు తెలీలేదేమో. మాకు మాత్రం బాగా ఇనపడింది. 'రేయ్ సాయీ, పడినా రా' అని పిలుస్తాండింది. మీ ఇంట్లో ఎవురో పిలుస్తాండారు, పోయి చూడు అని నేనే చెప్పినా. రెండుసార్లు చెప్పినా."

"వాడేమన్న్యాడు?"

చందన అప్పుడు గానీ ఆమె ముఖం చూడలేదు. చూసి, ఒళ్లోని సంచి దగ్గరికి లాక్కుంది. తర్వాత నేల చూపులు చూస్తూ, మైకు ఆపేసినాడు ఆంటీ అంది.

వార్డులో ఎవరో దగ్గుతున్నారు. నర్సు ట్రాలీ తోసుకుంటూ పోతోంది. హేమావతికి ఆ చప్పుళ్లన్నీ ఎక్కడో దూరంగా వినబడ్డాయి. డెబ్బై రెండేళ్ల మనిషి బచ్చలింట్లో పడి వేసిన కేక పక్క గది దాటి, ఊరు దాటి, హిందూపురంలో ఒక ఆడపిల్ల చెవిన పడింది. ఆ పిల్ల పట్టించుకుంది. పోయి చూడమంది. ఇంట్లో ఉన్నవాడు మాత్రం మైకు ఆపాడు. బెంచీ అంచు పట్టుకుంది. చందన కంగారుపడి నీళ్ల సీసా ఇచ్చింది. ఆ అమ్మాయి వెళ్లిపోయేదాకా ఆ సీసా మూత తియ్యాలని కూడా ఆమెకు తోచలేదు.

సాయి మందుల పొట్లంతో మెట్లెక్కి వచ్చాడు. హేమావతి వాణ్ణి వరండా చివరికి తీసుకుపోయింది.

"ఆ పొద్దు అవ్వ పిలిచిందా?"

వాడు తల్లి చేతిలో ఉన్న సపోటాల సంచి చూశాడు. చందన వాళ్ల ఇంట్లో సపోటా చెట్టుందని వాడికి తెలుసు, ఎవరు వచ్చి పోయారో అర్థమైంది.

"చందన చెప్పినాక హెడ్‌ఫోన్ తీసి ఇన్న్యా అమ్మా," అన్నాడు. "సాయీ అనింది. మంచినీళ్లకేమో అనుకున్న్యా. వస్తాండా అవ్వా అని చెప్పినా. నలుగురమే మిగిలిండాం, ఆట చివర్లో ఉండాది. అది అయిపోతూనే పోదామని మైకు ఆపినా."

"అయిపోయినాక?"

"గెలిచినాం. గెలిచినాక ఇంకోటి మొదలైంది." మందుల పొట్లం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "మర్చిపోయినా అమ్మా."

భయపడ్డానంటాడనుకుంది. అబద్ధం చెబుతాడనుకుంది. ఇది మాత్రం అనుకోలేదు. కోపం రావడానికి కూడా చోటు లేని మాట అది. తొమ్మిది నెలలు మోసి, పదహారేళ్లు పెంచిన పిల్లవాడు, పక్క గదిలో పడి ఉన్న అవ్వను మరిచిపోయాడు. పగతో కాదు, ద్వేషంతో కాదు. ఇంకో ఆట మొదలైందని. ఆమె వాడి ముఖం వైపు, కొత్తవాళ్లను చూసినట్టు చూస్తూ నిలబడింది. వాడు ఏడుస్తున్నాడు. దగ్గరికి తీసుకోవడానికి ఆమె చెయ్యి లేవలేదు.

ఆ సాయంత్రం అత్తకు గంజి తాగిస్తూ, పిలవలేదని ఎందుకు చెప్పావని అడిగింది. కుళ్ళాయమ్మ మూతి తుడిపించుకుని, కాసేపు పైకప్పు చూసింది.

"వస్తాండా అన్న్యాడు గదా హేమా. మళ్లీ ఏమిటికి పిలిచేదిలే అని ఊరుకున్న్యా. తలుపు దిక్కే చూస్తా పండుకున్న్యా. ఆమీట పిలుద్దామంటే గొంతు ల్యా." ఇంకో గుక్క తాగింది. "మీ ఆయనకు చెప్పద్దు. వాడు కొడితే నాయనకూ కొడుక్కూ నడమ అది నిల్చిపోతాది."

వాడు విని కూడా రాలేదని కుళ్ళాయమ్మకు అప్పటికే తెలుసు. పడి ఉన్న ఐదు గంటలూ తెలుసు. స్ట్రెచర్ మీద పడుకుని కూడా మనవణ్ణి కాపాడింది. హేమావతి గంజి గిన్నె కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మరునాడు కొడుకుతో ఒక్క మాటే చెప్పింది. తను నాయనకు చెప్పదు, అవ్వా చెప్పదు. చెప్పాల్సింది ఎవరో వాడికే తెలుసు. ఫోను ఇచ్చెయ్యమని అడగకముందే వాడు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆసుపత్రిలో ఉన్న పది రోజులూ సాయి పొద్దున బస్సుకు పెనుకొండ నుంచి వచ్చి, చీకటి పడే ముందు వెళ్లేవాడు. అవ్వను పక్కకు తిప్పడం, తల దువ్వడం, మంచం మీదే మూత్రానికి ముంత పెట్టడం అన్నీ నర్సు దగ్గర నేర్చుకున్నాడు. మొదటిసారి ముంత తీసుకుపోతూ వాంతి చేసుకున్నాడు. కడుక్కుని మళ్లీ వచ్చాడు. హేమావతి చూసింది. మెచ్చుకోలేదు, జాలిపడలేదు. అవ్వ పిలిచిన మాట వాడు తండ్రికి ఇంకా చెప్పలేదు.

ఇంటికి తెచ్చిన ఐదో రోజు, ఆదివారం. శ్రీనివాసులు బచ్చలింటి గోడకు పట్టుకోవడానికి ఇనప కడ్డీ బిగిస్తున్నాడు. ఎదురింటి ఉలిగమ్మ పరామర్శకు వచ్చి మంచం పక్కన కూర్చుంది. ఎట్లా పడ్డావు, ఎంతసేపు పడున్నావు అని అడిగి, ఇంట్లో పిల్లోడు ఉండి కూడానా అని ఆశ్చర్యపోయింది. కుళ్ళాయమ్మ ఎప్పటి మాటే చెప్పింది. తను పిలవలేదని.

"పిలిచింది," అన్నాడు సాయి.

వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో అవ్వకు తెచ్చిన పాలగ్లాసు ఉంది.

"అవ్వ పిలిచింది. వస్తాండా అని చెప్పినా. పోలేదు. ఆటలో పడి మర్చిపోయినా. నన్ను కొడతారని అవ్వ అబద్ధం చెప్తాంది."

బచ్చలింట్లో సుత్తి చప్పుడు ఆగింది. ఉలిగమ్మ కొంగు సర్దుకుని, లేచి నిలబడి మళ్లీ కూర్చుంది. శ్రీనివాసులు బయటికి వచ్చాడు. జుట్టంతా సున్నం దుమ్ము. కొడుకును చూశాడు, తల్లిని చూశాడు. తల్లి కళ్లు మూసుకుంది. ఆయనకు అదే జవాబు. హేమావతి లేచి అడ్డం వెళ్లబోయింది. కానీ ఆయన చెయ్యెత్తలేదు. సుత్తి కిటికీలో పెట్టి, చొక్కా తొడుక్కుని, సోమవారం పొద్దున పోవాల్సినవాడు అప్పుడే ధర్మవరం బస్సుకు పోయాడు. సగం బిగించిన కడ్డీని ఆ సాయంత్రం సాయే బిగించాడు.

మూడు వారాలు తండ్రి కొడుకుతో మాట్లాడలేదు. శనివారం వచ్చేవాడు, తల్లి దగ్గర కూర్చునేవాడు, పోయేవాడు. సాయి అదే గదిలో ఉన్నా లేనట్టే ఉండేవాడు. కొట్టి ఉంటే బాగుండునని సాయి ఒకరోజు తల్లితో అన్నాడు. హేమావతికీ అలాగే అనిపించింది.

ఆట పూర్తిగా పోయిందనుకుంటే తప్పు. ఒకసారి స్నేహితుడి ఫోనులో ఆడుతూ దొరికిపోయాడు. హేమావతి పక్కనే కూర్చుని ఆ ఆట అయ్యేదాకా చూసింది. ఏమిటి, ఎందుకు, ఎవరు అని అడిగింది. వాడు చెప్పాడు. ఆ పూట ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆదివారం ఒక గంట, చెవులకు ఏమీ లేకుండా, అందరూ ఉండే గదిలో అని ఒప్పుకున్నారు. ఆ గంట అయ్యాక ఫోను ఇమ్మంటే వాడి చెయ్యి ఇప్పటికీ ఒక క్షణం ఆగుతుంది. ఆ క్షణం ఆమెకు ఇప్పటికీ భయమే.

నాలుగో శనివారం శ్రీనివాసులు ఇంటికి వచ్చేసరికి, సాయి అవ్వ రెండు చేతులూ పట్టుకుని వెనక్కి నడుస్తూ ఆమెను వాకిట్లో నడిపిస్తున్నాడు. కుళ్ళాయమ్మ పెదవి బిగబట్టి అడుగు వేస్తోంది. శ్రీనివాసులు గేటు దగ్గర సంచితో నిలబడి చూశాడు. ఐదు అడుగులు అయ్యాయి. ఆరో అడుగుకు ఆమె కాలు వణికింది.

"అట్ల కాదురా," అన్నాడు. "చేతులు పట్టుకుంటే కాలు ఆగదు. నడుం కాడ పట్టుకో."

సాయి ఒక చెయ్యి వదిలి అవ్వ నడుం చుట్టూ వేశాడు. శ్రీనివాసులు సంచి కింద పెట్టి రెండో పక్కకు వచ్చాడు.