పొదుపైన గంటలు

రాత్రి డ్యూటీ దిగి వచ్చి పడుకున్న వసంతకి పదకొండు కాకముందే మెలకువ వచ్చేసింది. ముక్కు చల్లబడింది, పాదాలు కొయ్యబారాయి. హీటర్ మళ్ళీ ఆగిపోయింది. ఈ వారంలో ఇది మూడోసారి. ఆస్ట్రేలియాలో జూలై అంటే నడిచలికాలం, టూవూంబా ఊరి గాలి ఎముకల్లోకి దిగుతుంది.

హీటర్ పాడవలేదు. ఏప్రిల్‌లో ఆమె భర్త భానుప్రసాద్ పాత స్విచ్ తీయించేసి, ఇంటినిండా స్మార్ట్ పరికరాలు పెట్టించాడు. అతని ఫోన్ గుమ్మం దాటితే చాలు, ఇంట్లో ఎవరూ లేనట్టే లెక్క, అన్నీ వాటంతటవే ఆగిపోతాయి. వసంత ఏడున్నరకి ఆస్పత్రి నుంచి వచ్చి, కూతురు అనన్యకి లంచ్‌బాక్స్ సర్ది మంచమెక్కుతుంది. ఎనిమిదిన్నరకి అతను పిల్లని స్కూల్లో దింపి యూనివర్సిటీలో తన ఆఫీసుకి వెళ్తాడు. రాత్రంతా పేషెంట్లకి వెచ్చటి దుప్పట్లు కప్పి వచ్చిన మనిషి పగలంతా వణకాలి. తన ఫోన్ కూడా కలపమంటే వీకెండ్‌లో చూద్దామన్నాడు, ఆ తర్వాత ఏదో అప్‌డేట్ రావాలన్నాడు. చివరికి అసలు మాట బయటపెట్టాడు.

"నీ ఫోన్ కూడా యాడ్ చేస్తే హీటర్ పగలంతా తిరుగుతూనే ఉంటుంది. ఇంక సేవ్ అయ్యేదేంటి? ఎలాగూ నిద్రపోతావుగా, ఇంకో దుప్పటి కప్పుకో."

వీడియోకాల్‌లో అత్తగారు, మగవాడు పొదుపు చేస్తుంటే ఆడది కాస్త సర్దుకోవాలమ్మా అంది. సర్దుకోవడానికి తన దగ్గర ఇంకేం మిగిలిందో వసంతకి అర్థం కాలేదు.

ఆదివారం భానుప్రసాద్ స్నేహితుడు ఈశ్వరప్రసాద్, ఆయన భార్య భోజనానికొచ్చారు. నిద్ర మానుకుని వండిన పులిహోర ఆమె వడ్డిస్తుంటే, భానుప్రసాద్ టీవీ మీద కరెంటు గ్రాఫ్ పెట్టి, ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా ముప్పై శాతం తగ్గించానని చెబుతున్నాడు. వసంత తలెత్తి చూసింది. ప్రతిరోజూ ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం అతను ఇంటికొచ్చేదాకా గీత నేలకి ఆనుకుపోయి ఉంది.

"ఆ కిందికి దిగినచోట నేను నిద్రపోతుంటాను అన్నయ్యగారూ. మూడు దుప్పట్లు కప్పుకుని" అంది.

భానుప్రసాద్ నవ్వేసి వేరే విషయం ఎత్తుకున్నాడు. వాళ్ళు వెళ్ళాక మాత్రం నలుగురిలో పరువు తీశావని సాయంత్రందాకా ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు.

సోమవారం డ్యూటీ నుంచి వచ్చిన వసంత పడుకోకుండా ఎలక్ట్రీషియన్‌ని పిలిపించింది. అతను గంటలోపే హీటర్‌కి మామూలు స్విచ్ బిగించి వెళ్ళాడు. వేడిగాలి గదిలో పరుచుకుంటుండగా భానుప్రసాద్ ఫోన్ చేశాడు. హీటర్ యాప్‌లో కనపడటం లేదన్నాడు.

"యాప్‌లోంచి తీయించేశాను. స్విచ్ పెట్టించాను."

"నన్ను అడక్కుండానా?"

"మీ ఆఫీసు గదిలో హీటర్ వేసుకునేముందు మీరు నన్ను అడుగుతున్నారా?"

ఆమె ఫోన్ పెట్టేసింది. ఇన్నేళ్ళూ మూడింటికి అలారం పెట్టుకుని స్కూలుకి తనే వెళ్ళేది. ఇవాళ అనన్యని మీరే తీసుకురండి, నేను నిద్రపోతున్నాను అని మెసేజ్ పెట్టి, ఫోన్ ఆపేసి, ఒక్క దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకుంది.