నలభై అంగలు దిగొచ్చిన రాయి

దేవతను కాకముందు నేను ఒక సర్వే రాయిని. గెడ్డవలస కొండ మీద, వాన పడితే ఇటు నీరు ఊరి వాగైన గెడ్డకూ అటు నీరు అడవికీ పోయే గట్టున నన్ను పాతారు. ఊరి హద్దు ఇక్కడితో సరి అని చెప్పడమే నా ఉద్యోగం.

అక్కడి నుంచి ఊరంతా మెట్లు మెట్లుగా కనిపించేది. అడుగున సంత వీధి. ఊరు పుట్టింది ఆ సంతతోనే. చింతపండు, అడ్డాకులు అమ్ముకోవడానికి దిగినవాళ్లు తిరిగి కొండెక్కే ఓపిక లేక అక్కడే గుడిసెలు వేసుకున్నారు. చోటు చాలక నడిమి వీధి, అదీ చాలక జీడితోటల మధ్య పద్నాలుగు ఇళ్ల పైవీధి వెలిశాయి.

కట్టెల మోపులతో వచ్చే పైవీధి ఆడవాళ్లు నన్ను ఆనుకుని అలుపు తీర్చుకునేవారు. వారిలో సన్యాసమ్మ అనే ఆమె, జ్వరం పడిన కొడుకు బతకాలని నాకు మొక్కింది. వాడు బతికాడు. అందులో నా చెయ్యి ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె నాకు పసుపు రాసి, అమ్మవారు ఎండలో మాడకూడదని నలుగురు మగవాళ్ల చేత మోయించి, నలభై అంగలు కిందికి, వీధి దిగువ ఉన్న పనస చెట్టు నీడకు చేర్చింది. భక్తిలో హద్దు సంగతి ఎవరికీ తట్టలేదు.

సన్యాసమ్మ పోయిన చాలా ఏళ్లకు పంచాయతీ కాస్తా పురపాలక సంఘమైంది. కొండ మీదికి మంచినీటి గొట్టం వేయాలని సర్వేయరు జోగారావు వచ్చి, నన్నే హద్దుగా తీసుకుని కొలిచి, తల అడ్డంగా ఊపాడు.

"పైవీధి హద్దు బయటుందమ్మా. గొట్టం నడిమి వీధిలోనే ఆగిపోద్ది."

సన్యాసమ్మ కోడలు పారమ్మ బిందె దించింది. ముప్పై ఏళ్లుగా రోజుకు ఆరుసార్లు సంత వీధి బోరింగు నీళ్లు మోస్తున్న మనిషి. నిజం చెబితే అత్తది తప్పవుతుంది. చెప్పకపోతే నీళ్లు రావు.

"వీధి బయట నేదు బాబూ. రాయే కిందికొచ్చింది. మా అత్త దింపించినాది."

"దేవతనే ఎత్తుకొచ్చేశారా?"

"మరేటి? మిట్టమద్దేనం ఆ గట్టు మీద నువ్వు కూకోగలవేటి?"

జోగారావు నవ్వేశాడు. రాయి పాతేవాళ్లు కింద బొగ్గులు వేస్తారనీ, అవి నేలలో చివికిపోవనీ చెప్పి, పారమ్మ చూపిన చోట తవ్వించాడు. మోకాలి లోతున బొగ్గులు కనిపించాయి.

ఇక నన్ను పైకి చేర్చాలి. కుదురుకున్న అమ్మవారిని కదిపితే కీడని ఎవరూ ముందుకు రాలేదు.

"నా నడుం పట్టేసినాది వదినా," అన్నాడు మరిది సూరయ్య.

"పొద్దున జీడి సెట్టెక్కినప్పుడు పట్టనేదా?"

పారమ్మ స్నానం చేసి వచ్చి నా ముందు కూర్చుంది. "అమ్మా, మా అత్త పేమతో దింపినాది. నాను అవసరానికి ఎక్కిత్తన్నాను. కోపమొత్తే నా మీదే సూపించు, వీధి మీదొద్దు," అని రెండు చేతులా నన్ను పట్టుకుంది. ఒక్కతే ఎత్తబోయింది. అది చూసి సూరయ్యా, మరో ముగ్గురూ వచ్చి నన్ను భుజాలకెత్తుకున్నారు.

వానలకు ముందే పైవీధికి కుళాయి వచ్చింది. ఇప్పుడు పొద్దున్నే నా దగ్గరికి ఎవరూ రారు. అందరూ అక్కడే. "ఒలే, నా బిందె ముందు!" అన్న పారమ్మ కేక గట్టు దాకా వినిపిస్తుంది. నా మీద భక్తి తగ్గిందేమో అని మొదట్లో కొంచెం అనుమానపడ్డాను.

శుక్రవారం మాత్రం పారమ్మ చెంబుతో వస్తుంది. నా నెత్తిన నీళ్లు పోసి, కాసేపు కూర్చుని, "ఇయ్యాల తొమ్మిదింటి దాకా నీళ్లొచ్చినాయమ్మా," అని కబురు చెబుతుంది, అడగడానికి ఏమీ లేక.