పొరపాటు కోడి

శుక్రవారం సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి దొరసాని కనిపించలేదు. దొరసాని అంటే కోడి. దాని నడకలో ఠీవి చూసి నా భార్య మెర్సీ పెట్టిన పేరు. మెర్సీ జూన్‌లో పోయింది. ఆమె పెంచిన ఏడు కోళ్ళలో మిగిలింది ఇదొక్కటే.

నూకలు చల్లి పిలిచాను. రాలేదు. సందు చివరిదాకా వెళ్ళి పిలిచాను. పక్కింటి కాంతం గోడ మీంచి తొంగి చూసింది.

"కోడి పోయిందా అండీ మాస్టారూ? ఇటుగా ఎవరైనా వచ్చారా?"

"నేను వచ్చేటప్పుడు యోసేపు ఎదురయ్యాడు," అన్నాను.

అబద్ధం కాదు. యోసేపు కాలవ అవతల ఉంటాడు. ఆకివీడులో చేపల లారీలకు ఐసు పెట్టెలు ఎత్తుతాడు, పనికి రోజూ మా సందులోంచే వెళతాడు. ఆ సాయంత్రం నాకు ఇంకో పదిమంది ఎదురై ఉంటారు. నోటికి వచ్చింది అతని పేరే. మాట ఆలోచించి వాడమని ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్నవాణ్ణి.

తెల్లవారేసరికి ఆ మాట ఊరంతా తిరిగింది. యోసేపు ఎదురయ్యాడట అన్నది, యోసేపు చంకలో కోడితో ఎదురయ్యాడట అయింది. ఇరవై ఏళ్ళ క్రితం దేవరాజు గారి చెరువులో రెండు చేపలు పట్టాడని అతన్ని ఒక రోజంతా స్టేషన్లో కూర్చోబెట్టారు. అది ఎవరూ మరిచిపోలేదు. ఆ చెరువు తవ్విన చోట ఒకప్పుడు కొల్లేరు నీళ్ళు ఉండేవని, యోసేపు తండ్రి అక్కడే వల వేసేవాడని మాత్రం అందరూ మరిచిపోయారు.

ఆదివారం మా చర్చిలో కోతపండుగ. ఆరాధన అయ్యాక జనం తెచ్చిన కానుకలన్నీ, గుమ్మడికాయలూ అరటి గెలలూ కోళ్ళూ కేకులూ, ఆవరణలో వేలం వేస్తారు. పన్నెండేళ్ళుగా ఆ వేలం నడిపేది యోసేపే. సొరకాయను పెళ్ళికూతురిలా వర్ణిస్తాడు. ఏడాదిలో ఆ ఒక్క పూట ఊరంతా నోరు మూసుకుని అతని మాట వింటుంది. ఆ పూట కోసం అతను ఇస్త్రీ చేయించుకునే తెల్లచొక్కా ఒకటుంది.

శనివారం కమిటీ కూర్చుంది. దేవరాజు గారు మా సంఘ పెద్ద. మంచి మనిషే. మెర్సీని ఏలూరు ఆసుపత్రికి తీసుకువెళ్ళింది ఆయన కారులోనే.

"దేవుడి కానుకలండీ అవి. చేతివాటం ఉన్నవాడికి అప్పగిస్తామా?" అన్నారు. ఎవరూ కాదనలేదు. ప్రవర్తన బాగాలేనందున యోసేపును వేలం నుంచి తప్పించడమైనదని తీర్మానం చేశారు. నా చేతిరాత బాగుంటుందని నన్ను కార్యదర్శిగా పెట్టుకున్నారు. రాశాను.

ఆదివారం మైకు దేవరాజు గారి అల్లుడు ఏసుకుమార్ చేతికి వచ్చింది. తాడేపల్లిగూడెంలో బ్యాంకు ఉద్యోగి.

"తదుపరి వస్తువు, గుమ్మడికాయ, ఒకటి. ఆసక్తి గలవారు తెలియజేయగలరు," అన్నాడు.

ఎవరికీ ఆసక్తి కలగలేదు. గేటు దగ్గర, తెల్లచొక్కాలో, యోసేపు నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు. వెళ్ళిపోనూ లేదు.

"తదుపరి వస్తువు, నాటుకోడి. దేవరాజు గారి కానుక."

కాళ్ళకు ఎర్ర రిబ్బను కట్టిన కోడిని బల్ల మీద పెట్టారు. ఎడమ కాలికి నడిమి వేలు లేదు. నిరుడు మా గేటు కింద నలిగితే మెర్సీ పసుపు పెట్టి కట్టు కట్టిన కాలు అది.

నేను సభల్లో లేచి మాట్లాడే మనిషిని కాను. గేటు వైపు చూశాను. లేచాను.

"అది మెర్సీ కోడి," అన్నాను.

దేవరాజు గారు నవ్వారు. "మాస్టారూ, కోళ్ళన్నీ ఒకలాగే ఉంటాయండీ. ఇది కానుక కోసం మా పాలేరు తెచ్చిన కోడి. శుక్రవారం తప్పించుకుని సందులో తిరుగుతుంటే నేనే పట్టి డిక్కీలో వేసుకున్నాను."

ఆడవాళ్ళ వైపు నుంచి ఆయన భార్య మరియమ్మ గారి గొంతు లేచింది. "ఏవండీ! పాలేరు తెచ్చిన కోడి ఇంట్లో గంప కింద ఉంది కదండీ! పొద్దున్నే నేను నీళ్ళు పెట్టాను!"

నేను, "దొరసానీ," అన్నాను. కోడి మెడ తిప్పి నా వైపు చూసింది.

ఆవరణ అంతా గొల్లున నవ్వింది. దేవరాజు గారు చేతులు చూసుకున్నారు, చేతుల్లో ఇంకా ఈకలేమైనా ఉన్నాయేమోనన్నట్టు. ఆయన అబద్ధం ఆడలేదు. ఆ సందులో సగం ఇళ్ళు ఆయనవే. కనిపించిందల్లా తనదే అనుకోవడం ఆయనకు అలవాటు.

"పొరపాటు. పొరపాటైపోయిందండీ," అని ఆయనా నవ్వేశారు.

"యోసేపు చేస్తే తీర్మానమూ, మీరు చేస్తే పొరపాటూనా అండీ?" అంది కాంతం. ఆ మాటకు నవ్వులు ఇంకా పెరిగాయి. కాంతం నా వైపు కూడా చూసింది. నేను తల దించుకున్నాను.

పాస్టరు గారు ఏసుకుమార్ చేతిలోంచి మైకు తీసుకుని, "యోసేపూ, రావయ్యా," అని పిలిచారు. మైకు వదిలిపోయినందుకు ఏసుకుమార్ ముఖం వెలిగింది.

యోసేపు గేటు దగ్గరే నిలబడి, "నేనొస్తే కోడి భద్రమేనా అండీ?" అని అరిచాడు.

"రావయ్యా బాబూ!" అన్నారు దేవరాజు గారే.

వచ్చాడు. కోడిని చంకలో పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"అయ్యల్లారా అమ్మల్లారా! ఇది దొంగకోడి కాదండీ, పొరపాటు కోడి! పేరు దొరసాని! మన ఊళ్ళో కారెక్కిన కోడి ఇదొక్కటే! డిక్కీలో ఊరేగింది, పెద్దింటి వడ్లు తింది, గుడ్డు పెడితే గుడ్డు కూడా దర్జాగానే ఉంటుందండీ! పాడండి!"

కానుకగా పెట్టినదాన్ని తిరిగి తీసుకోకూడదు. నేనే రెండొందలు పాడాను.

"చూశారా అండీ, మాస్టారు తన కోడికి తానే పాడుతున్నారు! రెండొందలు ఒకటోసారి..." అని యోసేపు దేవరాజు గారి వైపు తిరిగి, రెండోసారి అనకుండా ఆగాడు. ఆగి కోడి తల నిమిరాడు. తీరిగ్గా ఈకలు సర్దాడు. నవ్వులు. దేవరాజు గారు ఐదొందలన్నారు. మరియమ్మ గారు ఆరొందలన్నారు.

"నా మీదే పాడతావా?" అన్నారాయన.

"పొరపాటైపోయిందండీ!" అన్నారు ఆవిడ.

పిల్లలు బల్లలెక్కారు. కోడి వెయ్యి దాటింది. చివరికి దేవరాజు గారికే పాట ఖాయం చేసి, యోసేపు దాన్ని ఆయన చేతికిచ్చాడు. ఆయన తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆ తరవాత గుమ్మడికాయ కోసం ఇద్దరు పోట్లాడుకున్నారు.

సాయంత్రం యోసేపు నాతో ఇంటిదాకా వచ్చాడు. కోడిని తనే పట్టుకుంటానన్నాడు. అదే సందులో, అందరూ చూస్తుండగా, చంకలో కోడితో తల ఎత్తుకుని నడిచాడు. మా గుమ్మం దగ్గర దాన్ని దింపి అన్నాడు:

"గేటు గడియ పెట్టుకోండి మాస్టారండీ. దేవరాజు గారు ఇటే వెళతారు."

నవ్వాను. జూన్ తరవాత అంత గట్టిగా నవ్వడం అదే.

కమిటీ పుస్తకం నా దగ్గరే ఉంది. శనివారం నాటి తీర్మానం నా దస్తూరీతోనే ఉంది. దాన్ని కొట్టివేయాలంటే కమిటీ మళ్ళీ కూర్చోవాలి. నాలుగు వారాలైంది. ఇంకా కూర్చోలేదు. శుక్రవారం ఆ పేరు మొదట చెప్పింది నేనేనని యోసేపుతో నేనూ ఇంకా చెప్పలేదు.