సూదిబొక్కల ముఖం

సోమయ్య గుడి గోడల మీద అమ్మవారి బొమ్మలు వేసేవాడు. కాగితం మీద గీసేది ఆయన, గీత వెంట సూదితో బొక్కలు పొడిచేది నేను. ఆ కాగితాన్ని గోడకు ఆనించి బొగ్గుపొడి మూటతో తడితే, బొమ్మ చుక్కలు చుక్కలుగా గోడ మీద దిగేది. దాన్ని ఖాకా అంటాం. గీసిన కాగితం కింద ఇంకో తెల్లకాగితం పెట్టి రెండూ ఒకేసారి పొడిచేవాణ్ణి. పైది పనిలో చిరిగిపోయేది. కిందిది దాచేవాళ్లం. దాని మీద గీత ఉండదు. బొక్కలే.

లాల్‌దర్వాజాలో ఒకసారి అమ్మవారికి నా భార్య నీలమ్మ ముఖం పెట్టాడు సోమయ్య. ఆ గోడ కూలిపోయింది. నీలమ్మ పోయి పద్దెనిమిదేళ్లు. ఆమె ఫోటో ఒక్కటీ లేదు. ఉన్నది ఆ బొమ్మ ఖాకా ఒక్కటే.

సోమయ్య పోయాక ఆయన కాగితాలన్నీ యూనివర్సిటీ వాళ్లు తీసుకున్నారు. మొఘల్‌పురాలో ఒక ఇంట్లో పెట్టి కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారని తెలిసి నడిచి వెళ్లాను. అక్కడ పనిచేసే కీర్తిప్రియ కుర్చీ వేసింది.

“ఒక ఖాకా సూడాలె, బిడ్డా. మూలకు ఎర్ర రంగు వేలిముద్ర ఉంటది. నాదే.”

చాలాసేపు వెతికి తెర మీద చూపించింది. తెల్లకాగితం. మూలకు నా వేలిముద్ర.

“ఇది ఖాళీ కాగితం, బాపూ. మొత్తం పురుగు తిన్నది. బొక్కలన్నీ పూడ్చి సాపు చేసినం.”

పక్క బల్ల దగ్గర పనిచేసే దీక్షిత్ నవ్వాడు. “గంత పద్ధతిగ తినే పురుగును నేనెన్నడు సూడలే, తాతా. గీత గీసుకొని తిన్నది.”

కాగితం తెమ్మన్నాను. దాని వెనక అప్పటికే పల్చటి కాగితం అంటించి, బరువు పెట్టి అణిచారు. కిటికీకి ఎత్తి పట్టాను. వెలుతురు అంతటా ఒక్కతీరుగా వచ్చింది. చేత్తో తడిమాను. నున్నగా ఉంది.

“పురుగు కాదు. సూది. నేనే పొడిచిన.”

ఖాకా సంగతి చెప్పాను. దీక్షిత్ లేచి నిలబడ్డాడు.

“పూడ్చక ముందు ఫోటో దియ్యలేదా?” అని అడిగాను.

“ముందు బాగుచేసుడు, తర్వాత స్కాను. గదే మా పద్ధతి.” కీర్తిప్రియ కాగితం అంచు పట్టుకుంది. “తడిపితే వెనక కాగితం ఊడొస్తది, బాపూ. తీసేస్తం.”

“తడిస్తే ఇది ఉబ్బుతది. లోపల ఏమన్న మిగిలిన బొక్కలు గూడ మూసుకుంటయి.”

ఆమె నా వైపు తిరిగి అడిగింది.

“ఎవరి బొమ్మ?”

“మా ఇంటామె.”

ఆమె కంప్యూటర్లో ‘ఖాళీ’ అన్న మాట చెరిపింది.

“ఎట్లుంటుండె? చెప్పు బాపూ, రాస్త.”

నోరు తెరిచాను. నుదురు గుర్తుంది, బొట్టు గుర్తుంది. కళ్లు గుర్తుకు రాలేదు.