మోకాలి దిండు

మా తమ్ముణ్ణి రేవులో అందరూ కొంగ అనేవారు. వాడి పోటీ పడవలో కూర్చోవడమంటూ ఉండదు. ఒక మోకాలు మోపి, రెండో పాదం ముందుకు వేసి, ఒక్క పక్కనే తెడ్డు వేయాలి. వాడిది కుడిపక్క. పన్నెండో ఏట మోపిన మోకాలు ముప్ఫై దాటేదాకా లేవలేదు. కుడి భుజం ఎంత బలిసిందంటే, దర్జీ వాడి చొక్కాకి ఒక చెయ్యి పెద్దది, ఒక చెయ్యి చిన్నది కుట్టి, ఇది ఇద్దరు మనుషుల చొక్కా, రెండు కూలీలివ్వండి అనేవాడు.

నేను వాడి అన్నని. ఏడో తరగతిలోనే బడి మాని నాన్న పడవల షెడ్డులో చేరాను. వాడి ప్రతి పడవా నా చేతుల్లోంచే నీళ్లలోకి దిగింది. వాడు మూడుసార్లు జాతీయ ఛాంపియన్ అయ్యాడు. ఫొటోల్లో వాడూ పడవా ఉంటారు, నేనుండను. అందుకు బాధ లేదంటే మీరు నమ్మనక్కర్లేదు.

పడవ పద్నాలుగు కిలోలకి తగ్గకూడదని నియమం. పందెం అవ్వగానే కాటా ఎక్కిస్తారు. తగ్గితే గెలిచినా గెలవనట్టే. నేను చేసేవి తేలిక పడవలు కాబట్టి లోపల సీసం పలకలు అంటించి సరిపెట్టేవాణ్ణి. తక్కినవాళ్లు ఎందుకైనా మంచిదని వంద గ్రాములు ఎక్కువే ఉంచుకునేవారు. మావాడు ఒప్పుకునేవాడు కాదు. ఆ వంద గ్రాములూ నువ్వొచ్చి లాగుతావా అన్నా, అనేవాడు.

ప్రపంచ పోటీల ఫైనల్లో వాడు అందరికన్నా ముందొచ్చాడు. పడవ కాటా ఎక్కింది. డెబ్బై గ్రాములు తక్కువ. పేరు కొట్టేశారు.

కాటా తప్పన్నాడు మావాడు. ఆ మాట మీదే పద్దెనిమిదేళ్లు బతికాడు. పడవ పోటీల సంఘానికి, పత్రికలకి, మంత్రులకి ఉత్తరాలు రాశాడు. మోకాలు అరిగి పడవ ఎక్కడం మానేశాక శీతల గిడ్డంగి గేటు దగ్గర కాపలాకి కుదిరాడు. అక్కడి చలికి ఆ మోకాలు కొయ్యబారిపోయేది. మెట్లు పక్కవాటుగా దిగేవాడు. అయినా ఉత్తరాలు ఆగలేదు.

పోయినేడాది సంఘం కార్యదర్శి కబురు పెట్టాడు. మా షెడ్డు పక్కనున్న శిక్షణ కేంద్రంలో కోచ్ ఉద్యోగం ఖాళీ. కాటా మీద ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు సంతకం పెడితే ఉద్యోగం వాడిదే. శుక్రవారం సాయంత్రం అయిదు దాకా గడువు. మావాడు వాళ్లు పంపిన కాగితం చింపి పారేశాడు.

శుక్రవారం పొద్దున మా మరదలు అలాంటిదే ఇంకో కాగితం పట్టుకుని షెడ్డుకొచ్చింది. దాన్ని బల్ల మీద పెట్టి, పిల్లకి చెప్పినట్టు నిదానంగా చెప్పింది నాకు.

"ఇంకో చలికాలం ఆ గేటు దగ్గర నిలబడితే ఈయన మళ్లీ నడవరు బావగారూ. నా మాట ఎలాగూ వినరు. మధ్యాహ్నం ఇటు పంపిస్తాను. మీరేం చెప్తారో చెప్పండి."

నా దగ్గర చెప్పడానికి ఒక్కటే ఉంది.

ఫైనల్‌కి ముందురోజు సాయంత్రం పడవ తూచింది నేనే. మోకాలి కింద పెట్టుకునే స్పాంజి దిండు సాధనలో తడిసి ఉంది. దాంతోపాటే తూచి, సరిగ్గా పద్నాలుగుకి పలకలు అంటించాను. మర్నాడు మోకాలికి చల్లగా తగులుతుందని దిండు తీసి తడి లేకుండా ఎండబెట్టాను. ఆ రోజు నీళ్లు కదల్లేదు. పడవలోకి చుక్క రాలేదు, దిండు పొడిగానే కాటా ఎక్కింది.

మధ్యాహ్నం వాడొచ్చి బల్ల దగ్గర కూర్చున్నాక ఇదంతా చెప్పాను. వాడు నవ్వాడు.

"మా ఆవిడ నేర్పి పంపిందా? అబద్ధాలు నీవల్ల కాదన్నా. పడవలు చేసుకో."

అటక మీంచి దిండు తీసి వాడి ముందు పెట్టాను. మధ్యలో వాడి మోకాలి గుంట అలాగే ఉంది. నవ్వు ఆగింది. లేచి, దాన్ని నా కాటా మీద పెట్టాడు. తర్వాత బకెట్లో ముంచి, నీళ్లు కారిపోయేదాకా పట్టుకుని, మళ్లీ పెట్టాడు. పిండి, ముంచి, ఇంకోసారి తూచాడు. తేడా ఒకసారి ఎనభై వచ్చింది, ఒకసారి డెబ్బై అయిదు. కాటా పళ్లెంలోంచి నీళ్లు బల్ల మీదికి కారుతున్నాయి. వాడు కాగితాన్ని పక్కకి జరిపాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"అక్కడే. కాటా మీద అంకె చూడగానే."

ఎందుకు చెప్పలేదని అడుగుతాడనుకున్నాను. ఆ రోజు ఏడుస్తున్నాడని చెప్పలేదు. ఆ మరుసటేడు ఉత్తరాలు మొదలయ్యాయని చెప్పలేదు. ఆ తర్వాత కారణాలు కూడా వెతుక్కోలేదు. ఇవన్నీ వరసగా పెట్టుకుని ఉన్నాను. వాడు అడగలేదు. నా చెవి మీదున్న పెన్సిలు వైపు చూసి, పెన్ను ఉందా అన్నాడు. ఇచ్చాను. సంతకం పెట్టి, గోడ పట్టుకుంటూ వెళ్లిపోయాడు.

ఇప్పుడు వాడు పక్క కేంద్రంలో కోచ్. పందేనికి ముందురోజు నా షెడ్డుకొచ్చి ప్రతి పడవలోని దిండూ పిడికిట్లో పిండి చూస్తాడు. అవి ఆరేదాకా కూర్చుని తనే తూస్తాడు. పద్నాలుగు మీద వంద గ్రాములు ఉంటేగానీ వదలడు. నన్ను అన్నా అనడు.

"మేస్త్రీగారూ, మూడో పడవకి ఇంకో పలక వేయండి," అంటాడు.

వేస్తాను.