దండెం ఎవరికి వంగింది

ఆ లాండ్రీలో పొద్దున్నే బాయిలరు వెలిగేది, దానికంటే ముందే అత్తగారు లేచేది. దుప్పట్లు ఒక కుప్ప, చొక్కాలు ఒక కుప్ప, మరకలున్నవి గుమ్మం పక్కన. ఒక కుప్పలోది ఇంకో కుప్పలో కనబడిందంటే ఆ పూట ఎవరికీ టీ గొంతు దిగేది కాదు.

పనిచేసే ఆడవాళ్ళకి పని చొక్కాలు ఆవిడే కుట్టేది. ఎవరిది ఎవరిదో తెలియడానికి కాలరు లోపల గుర్తు దారం. కోడలికి ఎరుపు, మరిది భార్యైన తన తోటికోడలికి నీలం. కోడలు వచ్చిన కొత్తలో, ఒళ్ళు చేస్తుందిలే అని చొక్కా బాగా వదులుగా కుట్టింది. ఆ పిల్ల ఒళ్ళు చేయలేదు సరికదా, బస్సు నడపడం నేర్చుకుంటానని బయల్దేరి ఉన్న ఒళ్ళు కూడా పోగొట్టుకుంది. అదొక కోపం.

తోటికోడలి మీద కోపం పాతది. ఎప్పుడో తన పెళ్ళిచీర మీద ఇస్త్రీ పెట్టె పెట్టి మరిచిపోయిందని ఆమెతో మాటలు మానేసింది. ఆ చీర ఏనాడో చివికిపోయింది గానీ కోపం మాత్రం నిన్న ఉతికినట్టే ఉంది. ఇద్దరూ ఒకే బల్లకి చెరో వైపు నిలబడి ఇస్త్రీ చేసేవాళ్ళు. "ఆవిడ్ని కాస్త జరగమను" అని అత్తగారు కోడలితో అనేది. ఆవిడ జరిగేది. కోడలు నోరు విప్పే పనే ఉండేది కాదు.

మేడ మీద దండెం ఉంది. కడుపుతో ఉన్న మనిషి విప్పిన బట్ట ఆరేస్తే అది నేలకి తగిలేదాకా వంగుతుంది, జేబురుమాలైనా సరే. ఇంట్లో ప్రతి బిడ్డ సంగతీ ముందుగా చెప్పింది అదే. దండెం వంగితే అటక మీది ఉయ్యాల దించి దుమ్ము దులిపేవాళ్ళు, అంతే.

ఆ శుక్రవారం ఎర్ర దారం చొక్కా దగ్గర దండెం వంగింది.

కోడలికి నెలసరి రావాల్సిన రోజు దాటి అప్పటికే చాలా రోజులైంది. ఒకసారి జాగ్రత్త మరిచిన మాట నిజమేనని ఆమెకీ మొగుడికీ తెలుసు. సోమవారం బస్సు డిపోలో శిక్షణ మొదలు. ఆ రోజు కనబడకపోతే చోటు వెనకున్నవాళ్ళకి పోతుంది.

కడుపుతో స్టీరింగు పట్టడం ఏమిటి, వచ్చే ఏడు చూసుకోవచ్చని అత్తగారు తేల్చేసింది. వచ్చే ఏడు వాళ్ళు తీసుకోరని కోడలు అంది.

"దండెం వంగిందా లేదా?"

"వంగింది అత్తయ్యా."

"మరింకేం."

అయినా కోడలు ఆస్పత్రికి బయల్దేరింది. తన మాటే నెగ్గడం చూడ్డానికి అత్తగారూ వెంట వెళ్ళింది.

మూత్రం పరీక్షలో కడుపు లేదని తేలింది. మళ్ళీ చెయ్యండి అంది అత్తగారు. మళ్ళీ చేశారు, మళ్ళీ లేదు. డాక్టరమ్మ తిండి సంగతి అడిగింది, నిద్ర సంగతి అడిగింది. తెల్లారకముందే బండి నేర్చుకోవడానికి పోతున్నానని, భయంతో అన్నం సహించడం లేదని కోడలు చెప్పింది.

"ఒళ్ళు బాగా తగ్గినా, దిగులు పెట్టుకున్నా, నిద్ర చెడినా నెలసరి ఆగుతుంది. థైరాయిడ్ వల్ల కూడా కావచ్చు, రక్తం ఇచ్చి వెళ్ళు. ఒక్కసారి జాగ్రత్త తప్పినా కడుపు రావచ్చు, కాబట్టి పరీక్షకి రావడం మంచి పనే. వారంలో నెలసరి రాకపోతే మళ్ళీ రా" అంది డాక్టరమ్మ.

"మరి మా దండెం అబద్ధమాడిందా?" అంది అత్తగారు.

డాక్టరమ్మ తల్లి ఒకప్పుడు ఆ లాండ్రీలో పనిచేసిన మనిషే, ఈవిడ కడుపులో ఉన్నప్పుడు ఆమె బట్ట ఆరింది కూడా ఆ దండెం మీదే. "అదెందుకు అబద్ధమాడుతుంది? ఆ చొక్కా తొడుక్కున్నదెవరు?" అని అడిగింది.

కోడలు తల వంచుకుంది.

"చిన్నత్తయ్యకి తన చొక్కా బొత్తాలు పట్టడం లేదు. నాదేమో నా మీద వేలాడుతోంది. మార్చుకున్నాం. గుర్తులు కలిసిపోయాయని మీరు తిడతారని చెప్పలేదు."

ఏడాది పాటు నెలసరి అసలు రాకుండా ఉంటేనే ఆగినట్టని, అంతవరకూ నడివయసులో కూడా కడుపొచ్చే వీలుందని డాక్టరమ్మ గుమ్మం దాకా వచ్చి చెప్పింది. తోటికోడలికి వయసు మళ్ళుతోంది, కొడుక్కి మీసాలొచ్చాయి. నెలసరి రాకపోతే, ఇక ఆగిపోయిందిలే అనుకుని ఊరుకుంది. కాళ్ళ వాపు నిలబడి ఇస్త్రీ చేయడం వల్లననీ, తలనొప్పి ఆవిరి వల్లననీ అనుకుంది.

ఇంటికి రాగానే అత్తగారు తిన్నగా వెళ్ళి ఇస్త్రీ బల్లకి తన వైపున నిలబడింది.

"తలనొప్పి ఎప్పట్నించి?"

తోటికోడలు జవాబు చెప్పమని కోడలి వైపు చూసింది.

"దాన్ని కాదు, నిన్నే" అంది అత్తగారు.

తోటికోడలి చేతిలోని ఇస్త్రీ పెట్టె దుప్పటి మీదే ఉండిపోయి కమురు వాసన వచ్చింది. అత్తగారే దాన్ని తీసి పక్కన పెట్టింది.

ఆ సాయంత్రమే చూపించారు. కడుపు నిజమే, రక్తపోటు బాగా ఎక్కువగా ఉంది. ఇంకా అశ్రద్ధ చేసి ఉంటే తల్లికీ బిడ్డకీ ముప్పయ్యేదని డాక్టరమ్మ మందులు రాసిచ్చింది. తోటికోడలు సిగ్గుతో నవ్వి, కొడుకు గడ్డం గీసుకోవడమూ ఈ బిడ్డ ఉగ్గుపాలూ ఒకే ఇంట్లోనా అంది. అంది గానీ ఆ రాత్రే ఉయ్యాల దింపించుకుంది.

సోమవారం కోడలు డిపోకి వెళ్తుంటే అత్తగారు అన్నం డబ్బా చేతిలో పెట్టి, ఖాళీగా తేకపోతే గుమ్మం తొక్కనివ్వనంది. తర్వాత నీలం దారం చొక్కా ముందేసుకుని పక్క కుట్లు విప్పసాగింది.

"నేను విప్పుకుంటాలే అక్కయ్యా" అంది తోటికోడలు.

"నువ్వు కూర్చో. చీర సంగతి మాత్రం నేను మరిచిపోలేదు."

"తెలుసు" అంది తోటికోడలు, కాళ్ళు పీట మీదికి చాపుకుని.